గ్యాస్ ట్రబుల్ ఉండి బరువు తగ్గే స్లీవ్ సర్జరీకి వెళ్తున్నారా, ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి

కోపంలో టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. నాకు ఆ సర్జరీ చేసిన సెంటర్ నుంచి ఇప్పుడే ఇంటికొచ్చా. పేరు రాయను, లాయర్ నోటీసులకి ఓపిక లేదు నాకు. ఫోన్ తీస్తే చాలు బిఫోర్ ఆఫ్టర్ ఫొటోలతో వెంటపడుతుంటారు కదా, ఆ బాపతు వాళ్ళే, మీకు అర్థమైపోయుంటుంది.

నా సంగతి గబగబా చెప్పేస్తా. ఎత్తు 158 సెంటీమీటర్లు, సర్జరీకి ముందు 92 కిలోలు, బీఎంఐ (ఎత్తుకి బరువెంత అనే లెక్క) 36.9, ఆరేళ్ళ నుంచి షుగర్, పెళ్ళికి ముందు నుంచే గ్యాస్ ట్రబుల్, అంటే గుండెల్లో మంట. పరగడుపున పాన్ ఫార్టీ (యాసిడ్ తగ్గించే మాత్ర) పడందే నాకు తెల్లారదు. ఇది మొదటి రోజే చెప్పా, ఒకసారి కాదు మూడుసార్లు. "సర్జరీ అయ్యాక అవన్నీ పోతాయి మేడం" అన్నారు. పోతాయట.

డాక్టర్ గారు మాట్లాడింది ఎనిమిది నిమిషాలు. మిగతాదంతా కోఆర్డినేటర్ అమ్మాయే. మా ఆడపడుచు బెంగళూరులో బైపాస్ (గుండెది కాదు, బరువు తగ్గడానికి పొట్టకి చేసేది) చేయించుకుంది, షుగర్‌కి అదే మంచిదట కదా అని అడిగితే, "అయ్యో, బైపాస్ అంటే పేగులు కోసి కలపాలి, జీవితాంతం విటమిన్లు మింగాలి, స్లీవ్ సింపుల్, పొట్ట చిన్నది చేస్తాం అంతే" అంది. స్లీవ్‌కి కూడా విటమిన్లు జీవితాంతం మింగాల్సిందేనని డిశ్చార్జ్ రోజు తెలిసింది. చిన్నది చేయడమంటే పొట్ట ముప్పాతిక వంతు పైనే కోసి తీసేసి అరటికాయంత గొట్టం మిగల్చడమనీ, తీసింది మళ్ళీ అతకదనీ నాకు సరిగ్గా అర్థమైంది కూడా తర్వాతే. పొట్టలో పెట్టే బెలూన్ సంగతి అడిగితే "ఆరు నెలలకో ఏడాదికో తీసేస్తాం, తీశాక మళ్ళీ బరువు పెరుగుతారు" అంది, అదొక్కటే నిజం చెప్పింది మహాతల్లి. పైగా ఆషాఢం ఆఫర్! చీరలకే అనుకున్నా ఇన్నాళ్ళూ, కడుపు కోతక్కూడా ఉందని అప్పుడే తెలిసింది.

ఇన్సూరెన్స్ సంగతి కూడా అంతే. బీఎంఐ 40 ఉండాలి, లేదంటే 35 ఉండి అదుపులో లేని షుగర్ లాంటిది ఉండాలి, నా హెచ్‌బీఏవన్‌సీ (మూడు నెలల షుగర్ సగటు) 9.1, అప్లై చేస్తే వచ్చేదేమో. "అప్రూవల్ వచ్చేలోపు ఆఫర్ అయిపోతుంది మేడం" అనగానే 3,40,000 కట్టేసి వచ్చా. బెండకాయలు కొన్నా తోక విరిచి చూసే మనిషిని నేను. మా ఆయన ఇంకో చోట కూడా అడుగుదాం అంటే ఆయన మీదే అరిచా.

బరువు తగ్గలేదని అనట్లేదు. ఎనిమిది నెలల్లో 68కి వచ్చా, షుగర్ మాత్ర కూడా సగమైంది. కానీ రెండో నెల నుంచి పడుకుంటే చాలు పులుపు గొంతులోకి, ఒక్కోసారి ముక్కులోకి వస్తుంది, అర్ధరాత్రి ఉక్కిరిబిక్కిరై లేస్తే దిండు తడిసి పసుపుపచ్చగా ఉంటుంది. మూడు దిండ్లు పెట్టుకుని కూర్చునే నిద్ర. పులుసు లేదు, గోంగూర లేదు, పాన్ ఫార్టీ ఇప్పుడు రెండు పూటలా. ఫోన్ చేసినప్పుడల్లా "టైమ్ ఇవ్వండి మేడం".

నిన్న వేరే హాస్పిటల్‌కి వెళ్ళా. అక్కడి డాక్టర్ గారు నా పాత ఫైల్ తిరగేస్తూ ఒక కాగితం దగ్గర ఆగిపోయి, "ఎండోస్కోపీలో హయటస్ హెర్నియా ఉంది, అంటే పొట్ట పైభాగం ఛాతీలోకి జరిగి ఉంది, అన్నవాహిక పుండు పడి ఉంది, ఇది చూసి కూడా స్లీవ్ ఎందుకు చేశారమ్మా?" అన్నారు. తేదీ చూశా. సర్జరీకి ముందు రోజు. వాళ్ళు తీసిన ఎండోస్కోపీనే, వాళ్ళ స్టాంపే, డైట్ చార్ట్ వెనకాల పిన్ కొట్టి ఉంది. ఎనిమిది నెలలుగా ఆ ఫైల్ మా బీరువాలోనే ఉంది. ఆయన చీటీ వెనక బొమ్మ గీసి చెప్పారు, స్లీవ్ అంటే సన్న గొట్టం కాబట్టి లోపల ప్రెషర్ ఎక్కువ, పైన వాల్వ్ ముందే వదులుగా ఉంటే యాసిడ్ పైకే తంతుంది, బైపాస్‌లో పైన మిగిల్చే సంచి బాగా చిన్నది, అందులో యాసిడ్ తక్కువ, పైత్యరసం ఎక్కడో కిందకెళ్ళి కలుస్తుంది, అందుకే ఇలాంటి వాళ్ళకి మామూలుగా ముందు దాన్నే ఆలోచిస్తారట. మినీ బైపాస్ అని ఇంకో రకం ఉంది, అందులో పేగుని అతికేది ఒకే చోట గానీ పైత్యం పైకొచ్చే అవకాశం ఉంటుందట. ఇంతా కలిపి పది నిమిషాలు కూడా పట్టలేదు ఆయనకి.

ఇవాళ ఆ కాగితం పట్టుకుని నాకు స్లీవ్ చేసిన మహానుభావుడి దగ్గరికి వెళ్ళా. టేబుల్ మీద పెట్టి ఇది మీరు చూశారా అని అడిగా. తల ఎత్తలేదండీ. ఫోన్‌లో ఏదో టైప్ చేసుకుంటూనే "కన్సెంట్ ఫారంలో రిఫ్లక్స్ (యాసిడ్ పైకి తన్నడం) రావచ్చని రాసుంది, కింద సంతకం మీదే కదా" అన్నాడు. నేను ఆస్పత్రి గౌను వేసుకుని, చేతికి సెలైన్ సూది ఉండగా, పద్నాలుగు పేజీల మీద పెట్టిన సంతకం అది. నోట మాట రాలేదు నాకు. బయటికొచ్చి కుర్చీలో కూలబడితే కోఆర్డినేటర్ అమ్మాయి నీళ్ళ గ్లాసు తెచ్చిచ్చి, పాపం అనుకునేలోపే, "బైపాస్‌కి మార్చేయొచ్చు మేడం, పాత పేషెంట్ కదా 20 శాతం తగ్గిస్తాం" అంది. నవ్వుతూ అంది. మొదట వద్దని భయపెట్టిన బైపాసే ఇప్పుడు డిస్కౌంట్‌లో. ఆ గ్లాసు ఆ అమ్మాయి మీద పొయ్యకుండా ఎలా వచ్చానో నాకే తెలీదు.

స్లీవ్ చెడ్డదని కాదు, మా ఆఫీసులో ఒకావిడ చేయించుకుని హాయిగా ఉంది, ఆవిడకి గుండెల్లో మంట లేదు, అంతే తేడా. మీకు ఉంటే ఎండోస్కోపీ రిపోర్ట్ మీరే చదవండి, అర్థం కాకపోతే ఇంకో డాక్టర్‌కి చూపించండి, కన్సెంట్ కాగితాలు ముందు రోజే ఇంటికి తెచ్చుకోండి. ఆఫర్ అన్నారంటే లేచి వచ్చేయండి.

సర్జరీ వీడియో, ఆపరేషన్ నోట్స్ అడిగితే సోమవారం రమ్మన్నారు. ఈసారి మా ఆయన్ని తీసుకెళ్తున్నా. ఇంకేమైనా అడగాలంటే అడగండి, పొద్దున చెప్తా, ఇప్పుడు మళ్ళీ పుల్ల తేన్పులు మొదలయ్యాయి.