ఏడు కుట్ల తెల్ల మిషన్: ఇంట్లో ఏడేళ్ల వాడకం తర్వాత

కరెంటు మీద నడిచే ఈ చిన్న తెల్ల కుట్టు మిషన్ మీద నేను చేసిన పనిలో సగం పైగా కొత్త బట్టలు కుట్టడం కాదు, ఉన్న బట్టల్ని సరిచేయడం. జూన్‌లో స్కూళ్లు తెరిచే ముందు పాప గౌను అంచు విప్పి పొడవు దింపడం, బాబు నిక్కరులో ఎలాస్టిక్ మార్చడం, చంకలో పిగిలిన చొక్కాకి కుట్టు వేయడం, దిండు గలీబులు, సంచులు. కొనేటప్పుడు షాపులో చూపించింది మాత్రం డయల్ తిప్పితే రకరకాల డిజైన్లు కుట్టడం. ఆ డిజైన్ కుట్లలో ఒక్కటి కూడా ఇంతవరకు దేనికీ అవసరం రాలేదు. ఇల్లు, ఉద్యోగం, పిల్లలు అన్నీ ఉన్నవాళ్లు మిషన్ కొనేముందు అడగాల్సింది ఎన్ని కుట్లు వేస్తుందని కాదు. రాత్రి తొమ్మిదిన్నరకి దాని ముందు కూర్చుంటే ఎంతసేపట్లో మొదటి కుట్టు పడుతుంది, అది అడగాలి.

నాది బ్యాంకులో ఉద్యోగం. మా ఆవిడ నర్సు, షిఫ్టు డ్యూటీలు. ఇద్దరు పిల్లలు, విజయవాడలో రెండు పడక గదుల ఫ్లాట్. 2018లో 11 వేల చిల్లర పెట్టి కొన్నాం. కంపెనీ పేరు రాయడం లేదు. ఆ ధరలో దొరికే తెల్ల మిషన్లన్నీ దాదాపు ఒకే తీరుగా ఉంటాయి కాబట్టి ఇక్కడ రాసింది మీరు చూస్తున్న మిషన్‌కీ చాలావరకు వర్తిస్తుంది. ఏడు రకాల కుట్లు, జిగ్‌జాగ్ (అటూ ఇటూ వంకరగా పడే కుట్టు), కాజా కుట్టే సదుపాయం, ముందువైపు నుంచి పెట్టే బాబిన్ (కింది దారం చుట్టి పెట్టే చిన్న చక్రం), చిన్న లైటు, కాలి కింద పెడల్. ముందు భాగం ఊడదీస్తే చొక్కా చేతులు, ప్యాంటు కాళ్లు దూర్చి గుండ్రంగా కుట్టుకునేలా సన్నటి భాగం మిగులుతుంది. ఈ ఒక్క సదుపాయమే పిల్లల బట్టలకి బాగా పనికొచ్చింది.

మా అమ్మకి గుడివాడ దగ్గర ఊళ్లో నల్ల తొక్కుడు మిషన్ ఉంది. పోత ఇనుము. తిన్నటి కుట్టు తప్ప ఇంకేమీ రాదు కానీ ఆ ఒక్క కుట్టు చూస్తే ముచ్చటేస్తుంది. జీన్స్ అంచు నాలుగు మడతలున్నా ఆగకుండా పోతుంది. దాన్నే తెచ్చుకుంటే పోయేదిగా అని బంధువులు ఇప్పటికీ అంటుంటారు. ఆ స్టాండు మా హాల్లో పెడితే పిల్లలు ఆడుకోవడానికి బాల్కనీకి పోవాలి. పైగా తొక్కడం అలవాటు లేనివాళ్లకి చక్రం వెనక్కి తిరిగి దారం తెగుతుంది. అది కుదరడానికే కొన్ని వారాలు పడుతుంది.

అసలు విషయానికొస్తే, తెల్ల మిషన్ తేలిక, ఎత్తి బీరువా మీద పెట్టేయొచ్చు అని అందరూ చెబుతారు. అదే దీనికున్న పెద్ద ఇబ్బంది కూడా. బీరువా మీద ఉన్న మిషన్ దించాలి, భోజనాల బల్ల ఖాళీ చేయాలి, ప్లగ్ పెట్టాలి, పెడల్ తగిలించాలి, దారం ఎక్కించాలి. పదిహేను నిమిషాలు పోతాయి. తీరా కూర్చునే సరికి బాబుకి దాహం వేస్తుంది. మొదటి రెండేళ్లు అందుకే వాడకం తక్కువ. తర్వాత కిటికీ పక్కన రెండడుగుల బల్ల ఒకటి వేసి, మిషన్ దాని మీదే దారం ఎక్కించిన స్థితిలో ఉంచేసి, పైన పాత లుంగీ కప్పడం మొదలుపెట్టాను. వాడకం ఎన్నో రెట్లు పెరిగింది. చిరుగు పట్టిన గలీబు ఉతికే బట్టల్లో కనిపిస్తే అప్పటికప్పుడే ఒక కుట్టు వేసేస్తున్నాను. మీ ఇంట్లో మిషన్‌కి శాశ్వతంగా ఒక మూల ఇవ్వలేకపోతే మాత్రం కొనేముందు ఒకసారి ఆలోచించండి.

చప్పుడు గురించి షాపులో ఎవరూ చెప్పరు. పగలు పర్లేదు. రాత్రి పూట ప్లాస్టిక్ బాడీ బల్లని వణికిస్తే కింది ఫ్లాట్ వాళ్లకి పిండి మర ఆడుతున్నట్టు వినిపిస్తుంది. పాత యోగా మ్యాట్‌లోంచి ఒక ముక్క కోసి మిషన్ కింద పరిస్తే చాలావరకు తగ్గింది. ఇంకో ముక్క పెడల్ కింద వేశాను. లేకపోతే టైల్స్ మీద పెడల్ జారి గోడ దగ్గరికి పోతుంది.

కొత్తగా కొన్నవాళ్లంతా మొదటి నెలలో ఒకే బాధ చెబుతారు: బట్ట కింద దారం గుత్తిగా చిక్కుపడటం. కింద చిక్కు కనిపిస్తోంది కాబట్టి అందరూ బాబిన్‌ని అనుమానిస్తారు. తప్పు దాదాపు ఎప్పుడూ పై దారానిదే. బట్టని నొక్కి పట్టే ఫుట్ దించి ఉన్నప్పుడు పై దారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ పళ్లేలు బిగుసుకుని ఉంటాయి. అప్పుడు దారం ఎక్కిస్తే అది పళ్లేల మధ్యకి దిగదు, పైపైనే ఉండిపోతుంది. పై దారానికి బిగువు లేక కిందికి జారి గుత్తి కడుతుంది. ఫుట్ ఎత్తి దారం ఎక్కించాలి. మొదటి రెండు మూడు కుట్లకి దారాల చివర్లు రెండూ వేలితో వెనక్కి పట్టుకోవాలి. ఇంతే. ఈ సంగతి తెలియక మిషన్ బాగాలేదని తిరిగి ఇచ్చేసిన వాళ్లు నాకు తెలుసు.

సూది సంగతి కూడా అంతే. మిషన్‌తో పాటు ఇచ్చిన సూదితోనే ఏళ్ల తరబడి కుట్టేస్తుంటారు. సూది మీద 90/14 అని ఉంటే 90 అంటే దాని మందం 0.9 మిల్లీమీటర్లు. మామూలు కాటన్‌కి అది సరిపోతుంది. పట్టు, పల్చటి వాయిల్ అయితే 75/11, జీన్స్‌కి 100/16. టీషర్టులకి మొన గుండ్రంగా ఉండే వేరే సూది వస్తుంది. మామూలు సూదితో అల్లిక బట్ట కుడితే నాలుగు కుట్లు పడి ఐదోది ఎగిరిపోతుంది. ఎనిమిది పది గంటల కుట్టు పనికి ఒకసారి సూది మార్చాలంటారు. మార్చాక వచ్చే తేడా చప్పుడులోనే తెలుస్తుంది. టైలర్లు వాడే పెద్ద మిషన్ల సూదికి కాడ గుండ్రంగా ఉంటుంది, మన వాటికి ఒక వైపు చదును. బజారులో అడిగేటప్పుడు పాత సూది పట్టుకెళ్లడం మేలు.

ఇన్నేళ్లలో దీని మీద కుట్టిన వాటిలో నాకు బాగా నచ్చినవి పాప పరికిణీలు. మా ఆవిడ మంగళగిరి చీర ఒకటి పైట దగ్గర చిరిగింది. నిజాం అంచు మాత్రం చెక్కుచెదరలేదు. చీర పన్నా 46 అంగుళాలు. అప్పుడు ఏడేళ్ల పాపకి నడుము నుంచి చీలమండ దాకా 28. చీర అంచు కింద అలాగే ఉంచి పైన కోసుకోవాలి. మా అమ్మ చెప్పిన పద్ధతి ఏమిటంటే, మిగిలేదంతా కోసేయకుండా అంచుకి పైన రెండు మడతలు వేయడం. ఒక్కో మడత అంగుళంన్నర లోతు అంటే మూడు అంగుళాల బట్ట దాచినట్టు. రెండిటికీ ఆరు. పిల్లలు ఆ వయసులో ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు ఎదుగుతారు, అందులో కాళ్ల వాటా ఇంకా తక్కువ. ఒక మడత విప్పితే రెండు సంక్రాంతులు గడిచిపోతాయి. పూర్వం పట్టు పరికిణీలన్నీ ఇలాగే కుట్టించేవారు. మడతల కుట్టుకి డయల్ పొడవైన కుట్టు మీద పెట్టాలి, విప్పేటప్పుడు బ్లేడు ఆనిస్తే చాలు. విప్పిన చోట గీత ఒకటి కొన్నాళ్లు కనిపిస్తుంది, పిల్లలెవరూ దాన్ని పట్టించుకోరు.

నడుము కుచ్చులకి జిగ్‌జాగ్ బాగా పనికొచ్చింది. బట్ట పై అంచు వెంబడి గట్టి దారం ఒకటి పరిచి, దానికి తగలకుండా అటూ ఇటూ జిగ్‌జాగ్ పోనిచ్చి, ఆ దారం లాగితే కుచ్చులు సమానంగా వస్తాయి. మామూలు కుట్టు వేసి లాగితే సగంలో దారం తెగి ఏడుపొస్తుంది. నడుము కొలతకి రెండున్నర నుంచి మూడు రెట్లు బట్ట తీసుకుంటే పరికిణీ నిండుగా ఉంటుంది. లోపలి అంచులకి కూడా జిగ్‌జాగ్ వేస్తాను, పోగులు ఊడకుండా. ఓవర్‌లాక్ (బట్ట అంచుల్ని చుట్టి కుట్టే వేరే మిషన్) అంత శుభ్రంగా ఉండదు కానీ ఉతుకులకి ఆగుతుంది.

బట్ట కోసం వన్‌టౌన్‌లో వస్త్రలత బట్టల మార్కెట్‌కి పోతాం. కట్ పీసులు చవగ్గా దొరుకుతాయి. పిల్లల గౌన్లకి మీటరు, మీటరున్నర ముక్కలే చాలు. పెడన కలంకారీ కొంటే మాత్రం కోసే ముందు రాత్రంతా ఉప్పు నీళ్లలో నానబెట్టి, నీడలో ఆరేసి, ఇస్త్రీ చేసి అప్పుడు కత్తెర పట్టండి. చేనేత కాటన్ మీటరుకి మూడు నాలుగు సెంటీమీటర్లు కుంచించుకుపోతుంది, సహజ రంగైతే మొదటి ఉతుకులో కొంత దిగుతుంది కూడా. అచ్చు వేసిన కలంకారీ అని అమ్మేవాటిలో స్క్రీన్ ప్రింట్ చాలా ఉంటుంది. వెనక్కి తిప్పి చూస్తే అచ్చు రంగు బట్ట లోపలికి ఇంకి కనిపిస్తుంది.

ఈ మిషన్‌తో కానివి కూడా చెప్పాలి. బొంత కాదు. పాత చీరలు నాలుగైదు పొరలు వేసి కుట్టడానికి ప్రయత్నిస్తే పై పొర ముందుకి, కింది పొర వెనక్కి జరిగి ముడతలు పడతాయి. బొంతకి చేతి కుట్టే అందం, మా అమ్మ ఇప్పటికీ అలాగే కుడుతుంది. స్కూలు బ్యాగు పట్టీలు కావు. ఆ మందానికి సూది విరుగుతుంది, రోడ్డు పక్కన బ్యాగులు కుట్టే అతనికి ఇవ్వడం నయం. కాజాలు నాలుగు దఫాలుగా డయల్ తిప్పుతూ కుట్టాలి, రెండు వైపులా ఒకే పొడవు రావడం అదృష్టం. మేం పిల్లల బట్టలకి టిచ్ బటన్లు పెట్టేస్తాం. జీన్స్ అంచు కుట్టవచ్చు కానీ పక్క అతుకు దగ్గర ఫుట్ పైకి లేచి కుట్లు ఎగిరిపోతాయి. ఫుట్ వెనక అంతే మందం బట్ట మడిచి పెడితే దాటుతుంది. జాకెట్టు జోలికి నేను పోలేదు. లైనింగ్ జాకెట్టు చంక కటింగ్ నేర్చుకునేంత తీరిక ఉన్నవాళ్లు వేరే ఉంటారు. మా ఆవిడ జాకెట్లు ఇప్పటికీ టైలరు దగ్గరికే.

డబ్బు ఎంత మిగిలిందని అడిగితే సూటిగా చెప్పలేను. ఫాల్ కుట్టించడం, ప్యాంటు పొడవు తగ్గించడం, జిప్పు మార్చడం లాంటివి ఒక్కోటి యాభై నుంచి నూటయాభై దాకా అవుతాయి. అవన్నీ కలిపితే మిషన్ ఖరీదు ఎప్పుడో వచ్చేసి ఉంటుంది. కొత్త గౌను కుట్టి డబ్బు ఆదా చేశామంటే మాత్రం నమ్మకండి. బట్ట, లైనింగ్, జిప్పు, దారం కలిపితే రెడీమేడ్ ధరకి దగ్గరగానే వస్తుంది. అసలు లాభం ఏమిటంటే, రేపు పొద్దున ఫ్యాన్సీ డ్రెస్సు పోటీ అని రాత్రి ఎనిమిదికి స్కూలు గ్రూపులో మెసేజ్ వచ్చినప్పుడు అల్లూరి సీతారామరాజు కాషాయం ఇంట్లోనే తయారవుతుంది. 2020లో కాటన్ మాస్కులు అపార్ట్‌మెంట్ అందరికీ కుట్టాం. 2022 జూలైలో ఒకసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువుల మీద నిషేధం వచ్చాక పాత ప్యాంట్లు కూరగాయల సంచులయ్యాయి.

రిపేర్ల విషయంలో నల్ల మిషన్‌దే పైచేయి. దాని భాగాలు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి, స్క్రూడ్రైవర్ పట్టిన ప్రతివాడూ బాగుచేస్తాడు. తెల్లదానికి సూదిలో దారం ఎక్కించే చిన్న ప్లాస్టిక్ కొక్కెం రెండో ఏడే విరిగింది. సర్వీసు వాళ్లు మిషన్ తీసుకెళ్లి వారాల తరబడి ఉంచుకున్నారు, కొక్కెం మాత్రం మారలేదు. అప్పటినుంచి నాకు కళ్లజోడే కొక్కెం. మిగతా నిర్వహణ మనమే చేసుకోవచ్చు. బాబిన్ పెట్టే చోట దూది లాంటి నూగు పేరుకుంటుంది, నెలకోసారి బ్రష్‌తో తీసి, షటిల్ తిరిగే దారిలో ఒక చుక్క మిషన్ నూనె. కొబ్బరి నూనె వేయకండి, జిగురై బిగుసుకుపోతుంది. కరెంటు పోతే ఇంట్లో ఉండే ఇన్వర్టర్ మీద నడుస్తుంది, ఈ చిన్న మోటారు ఖర్చు వంద వాట్ల లోపే.

పిల్లలున్న ఇంట్లో ఒక జాగ్రత్త. లేచి వెళ్లేటప్పుడు పెడల్ తీగ ఊడదీయాలి. కింద పడిన గుండుసూదుల కోసం పాత స్పీకరులోని అయస్కాంతం దారానికి కట్టి నేలంతా ఒకసారి తిప్పుతాను. పాపకి ఇప్పుడు పదకొండేళ్లు, కాగితం మీద దారం లేకుండా గీతల వెంబడి సూది పోనివ్వడం నేర్పిస్తున్నాం. ఆ తర్వాత సంచి కుడుతుందట.

ఎవరు ఏది కొనాలంటే: తిన్నటి కుట్టే ఎక్కువ, చోటు ఉంది అనుకుంటే పాత నల్ల మిషన్ కొని మోటారు పెట్టించుకోండి, మీ పిల్లల పిల్లలు కూడా కుడతారు. ఫ్లాట్లో ఉండి పిల్లల బట్టలు, రకరకాల చిన్న పనులు చేసేవాళ్లకి తెల్లదే. అందులోనూ తక్కువ కుట్లున్న మోడల్ చాలు, మిగిలిన డబ్బు సూదులకీ మంచి దారానికీ పెట్టండి. నాసిరకం దారం నూగు వదిలి మిషన్‌ని పాడుచేస్తుంది. ఓవర్‌లాక్ మిషన్ కూడా తీసుకోమని ఆఫీసులో ఒకాయన తెగ చెబుతున్నారు. ఇప్పట్లో కొనను. ఆ డబ్బుతో వడ్రంగికి బల్ల ఒకటి చెప్పాను, మిషన్ అడుగు భాగం లోపలికి దిగి పై చెక్కతో సమానంగా ఉండేలా. పెద్ద బట్ట కుట్టేటప్పుడు అంచు కిందికి వేలాడి లాగకుండా ఉంటుంది. దసరాకి ఇస్తానన్నాడు.