ఇంటి పద్దులకు గ్నూక్యాష్: ఏళ్ల తరబడి వాడిన తర్వాత

మా ఇంటి జమాఖర్చులు చాలా ఏళ్లుగా గ్నూక్యాష్‌లోనే రాస్తున్నాను. 1998లో తొలి రూపం వెలువడిన ఈ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. లినక్స్, విండోస్, మ్యాక్ మూడింటి మీదా నడుస్తుంది. దాని సదుపాయాలన్నింటినీ ఇక్కడ ఏకరువు పెట్టను. రోజూ చేయాల్సిన పని, ఏళ్లు గడిచేకొద్దీ లెక్కల విలువను తేల్చే పని ఒకటుంది: ప్రతి లావాదేవీని సరైన పద్దు కింద వేయడం. ఆ ఒక్క విషయంలో ఇది ఎలా పనిచేస్తుందో చెబుతాను.

ఫోన్‌లో దొరికే చాలా యాప్‌లలో లావాదేవీ ఒకటి, దానికి తగిలించే వర్గం మరొకటి. గ్నూక్యాష్‌లో వర్గం అంటూ విడిగా ఏదీ లేదు, ఖాతాయే వర్గం. కిరాణా కొట్టులో ఇచ్చిన 1,200 రూపాయలు బ్యాంకు ఖాతాలోంచి బయలుదేరి ‘ఖర్చులు:కిరాణా’ అనే ఖాతాలో చేరతాయి. ఎక్కడికి చేరాయో మనం చెప్పకపోతే ‘ఇంబ్యాలెన్స్-ఐఎన్ఆర్’ అనే ఖాతాలో పడి, లెక్క తేల్చేదాకా అక్కడే కనిపిస్తూ ఉంటాయి. ఈ కట్టుబాటు మొదట్లో విసుగు పుట్టించినా, డబ్బు బయటికి వెళ్లిన ప్రతిసారీ అది నిజంగా ఖర్చేనా అని అడిగేది ఇదే. క్రెడిట్ కార్డు బిల్లు కట్టడం ఖర్చు కాదు, అప్పు తీర్చడం. ఆ ఖర్చు వస్తువు కొన్న రోజే నమోదైపోయింది. బంధువులకు ఇచ్చిన చేబదులూ ఖర్చు కాదు, మనకు తిరిగి రావలసిన ఆస్తి. ఈ రెండింటినీ ఖర్చుల కింద రాసుకునేవారికి నెలాఖరున వచ్చే మొత్తం ఎప్పటికీ నిజం చెప్పదు.

ఈ విధానం బలం నాకు బాగా తెలిసింది చీటీల దగ్గర. ఇరవై మంది సభ్యులతో ఇరవై నెలలు, నెలకు 5,000 చొప్పున సాగే లక్ష రూపాయల చీటీని తీసుకుందాం. ఒక నెల పాట 15,000 తగ్గింపుకు ఖరారైతే, నిర్వాహకుల కమీషన్ 5 శాతం, అంటే 5,000 పోగా మిగిలిన 10,000 తలా 500 చొప్పున అందరికీ డివిడెండుగా వస్తుంది, ఆ నెల మనం కట్టేది 4,500. ఈ 4,500ను ‘చీటీ’ అనే ఖర్చు కింద వేసేస్తే డివిడెండు కనిపించకుండా పోతుంది, కూడబెట్టిన సొమ్ము ఖర్చైపోయినట్టు చూపిస్తుంది. గ్నూక్యాష్‌లో ఒకే లావాదేవీని మూడు ముక్కలుగా రాయవచ్చు: ‘ఆస్తులు:చీటీ’లోకి 5,000, ‘ఆదాయం:చీటీ డివిడెండు’ నుంచి 500, బ్యాంకు నుంచి 4,500. అది ఎనిమిదో నెల అయి, పాట పాడుకున్నది మనమే అయితే, చేతికొచ్చిన 85,000 బ్యాంకులోకి, వదులుకున్న 15,000 ‘ఖర్చులు:చీటీ తగ్గింపు’లోకి వెళ్తాయి, చీటీ ఖాతాలోంచి లక్ష తగ్గుతుంది. అప్పటిదాకా 40,000 నిల్వ చూపిన ఆ ఖాతా ఇప్పుడు మైనస్ 60,000 చూపుతుంది. ఇక కట్టవలసిన పన్నెండు వాయిదాల మొత్తం సరిగ్గా అంతే. ఇంత స్పష్టంగా చీటీ లెక్కను చూపిన మరో పరికరం నేను చూడలేదు.

బ్యాంకు స్టేట్‌మెంటును సీఎస్‌వీ (కామాలతో విడగొట్టిన పట్టిక ఫైలు) రూపంలో దిగుమతి చేసుకున్నప్పుడు, పాత లావాదేవీల వివరణల్లోని మాటలను బట్టి ఏది ఏ ఖాతాకు చెందుతుందో బేజియన్ పద్ధతిలో, అంటే సంభావ్యత లెక్కలతో, గ్నూక్యాష్ తానే ఊహిస్తుంది. ఇబ్బంది మన యూపీఐ వివరణలతో వస్తుంది. వాటిలో ప్రతిసారీ మారిపోయే పన్నెండంకెల రిఫరెన్సు సంఖ్య ఉంటుంది, అన్ని వరుసల్లోనూ ఒకేలా కనిపించే యూపీఐ, డీఆర్ (డెబిట్) వంటి ముక్కలుంటాయి, పనికొచ్చే దుకాణం పేరు మాత్రం సగంలో తెగిపోయి ఉంటుంది. పైగా చిన్న దుకాణాల క్యూఆర్ కోడ్‌లు యజమాని సొంత పేరు మీద ఉండటం వల్ల, పాలకు ఇచ్చిందేదో పంక్చరుకు ఇచ్చిందేదో నెల తిరిగాక పోల్చుకోవడం కష్టం. అందుకే దిగుమతికి ముందే లిబ్రేఆఫీస్ కాల్క్ అనే స్ప్రెడ్‌షీట్‌లో అంకెలను, అనవసరపు ముక్కలను తొలగించి పేరు మాత్రం ఉంచుతాను. అలా చేయడం మొదలుపెట్టాక ఊహలు చాలావరకు సరిగ్గా కుదురుతున్నాయి. తప్పుగా నేర్చుకున్న జోడింపులను టూల్స్ మెనూలోని ఇంపోర్ట్ మ్యాప్ ఎడిటర్‌లోకి వెళ్లి తీసేయవచ్చు. ఈ సదుపాయం ఉందని ఎక్కువమందికి తెలియకపోవడం విచారకరం.

ఖాతాల పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు, తర్వాత మార్చుకుంటే పాత లావాదేవీలన్నింటిలోనూ మారిపోతాయి. ఒక ఖాతాను తొలగించేటప్పుడు అందులోని లావాదేవీలను మరో ఖాతాకు తరలిస్తారా అని అడుగుతుంది కనుక, అతిగా విడగొట్టిన పద్దులను కలిపేయడం సులువు. దీనికి విరుద్ధమైన పని, అంటే ఒక పెద్ద పద్దులోంచి కొన్నింటిని ఏరి వేరే పద్దులో వేయడం, ఒక్కొక్కటిగా చేతితో చేయవలసిందే. కాబట్టి ఏటా చూసుకోవలసిన వాటిని, ఉదాహరణకు ఆరోగ్య బీమా ప్రీమియాన్ని వైద్య ఖర్చుల నుంచి, మొదటి రోజే వేరు చేసి పెట్టుకోవడం మంచిది.

నన్ను ఇప్పటికీ బాధించే లోటు ట్యాగులు, అంటే ఏ ఖాతాలోని లావాదేవీకైనా తగిలించుకునే గుర్తులు, లేకపోవడం. ఇంట్లో పెళ్లి జరిగితే బట్టలు, ప్రయాణాలు, భోజనాలు, చదివింపులు వేర్వేరు పద్దుల్లోకి పోతాయి, పెళ్లికి మొత్తం ఎంతయిందో ఒక్కచోట కనిపించదు. ప్రతి లావాదేవీని రెండు వరుసల్లో చూపే డబుల్ లైన్ చూపులో వచ్చే నోట్స్ గడిలో ‘#పెళ్లి’ అని రాసి, ట్రాన్సాక్షన్ రిపోర్టులో ఆ మాటతో వడపోస్తే మొత్తం తేలుతుంది. బీన్‌కౌంట్, హెచ్‌లెడ్జర్ అనే ఇతర లెక్కల సాఫ్ట్‌వేర్‌లలో ట్యాగులు సహజంగానే ఉన్నాయి, కానీ అక్కడ లెక్కంతా మామూలు టెక్స్ట్ ఫైలులో రాయాలి, మా ఇంట్లో అందరూ అలా రాయలేరు. గ్నూక్యాష్ నోట్స్ వడపోత ఆదాయ వ్యయాల నివేదికకు గానీ బడ్జెట్‌కు గానీ వర్తించదు. అందుచేత పెళ్లి, ఇల్లు కట్టుకోవడం వంటి పెద్ద పనులకు మాత్రం ఖర్చుల కింద ప్రత్యేక ఖాతా తెరిచి, దాని కింద ఉపఖాతాలు పెడుతున్నాను.