టెక్సాస్‌లో అడవి పందుల వేట: 175 డాలర్ల ప్యాకేజీ 525కి ఎలా చేరిందంటే

మా నాన్నది అచ్చంపేట వైపు ఊరు. వేరుశనగ, మక్క చేన్లకు రాత్రుళ్లు మంచె ఎక్కి డబ్బా కొడుతూ పందులను తరిమిన మనిషి. అక్కడ 1972 నాటి వన్యప్రాణి చట్టం ఉంది కాబట్టి పంట పోయినా రైతు తనంతట తాను పందిని చంపడానికి లేదు. టెక్సాస్‌లో వాటికి సీజన్ లేదు, ఇన్నే కొట్టాలన్న లెక్కా లేదు. 2019 సెప్టెంబరు నుంచి ప్రైవేటు భూమిలో యజమాని ఒప్పుకుంటే లైసెన్సు కూడా అక్కర్లేదు. ఈ మాట చెప్పగానే నాన్న, "నేను చూడాలె బిడ్డా" అన్నారు. మా ఆయన అప్పటికే రెడీ. అమ్మ పంది పేరెత్తితేనే ముఖం తిప్పుకుంటుంది. అయినా ఒక్కదాన్ని ఇంట్లో వదల్లేక తీసుకెళ్లాం.

వీసా మీద ఉన్నవాళ్లు ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. రాష్ట్రం లైసెన్సు అడగకపోయినా, హెచ్1బీ లాంటి వీసాల వాళ్లు తుపాకి పట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. అందుకే మా ఆయన 25 డాలర్లు పెట్టి లైసెన్సు తీసుకున్నాడు. విజిటర్ వీసా మీద వచ్చిన నాన్నను తుపాకి ముట్టుకోనివ్వలేదు. ఇక్కడ కక్కుర్తి పడొద్దు.

డాలస్ పక్కన మేముండే ఫ్రిస్కో నుంచి మధ్య టెక్సాస్‌లోని బ్రేడీ దాకా నాలుగు గంటల పైనే. దారి హాయిగా సాగింది. అసలు కథ మేం వేటకి వెళ్లిన రాంచ్‌లో, అంటే పెద్ద పశువుల పొలంలో మొదలైంది.

వేటగాడికి 175 డాలర్లు. సాయంత్రం ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి వేట, రాత్రి కేబిన్‌లో బస. ఇదీ ప్రకటన. ఇంకేమైనా చార్జీలు ఉన్నాయా అని ఫోన్‌లో రెండుసార్లు అడిగాను. ఏమీ లేవు, ఫ్యామిలీతో రండి అన్నాడు యజమాని. వచ్చి చూస్తే కేబిన్‌లో దుప్పట్లు లేవు. కుళాయి తిప్పితే కుళ్లిన గుడ్డు వాసన. గీజర్ పనిచేయదు, ఫిబ్రవరి చలి. మూలనున్న మక్కల బస్తాలోంచి ఎలుక తల బయటపెట్టేసరికి అమ్మ మంచం మీదికెక్కి కూర్చుంది. ఇంటి నుంచి తెచ్చిన పెరుగన్నం కూడా అక్కడే తింది, తెల్లారేదాకా దిగలేదు. మా అబ్బాయి మాత్రం ఎలుకకి పేరు పెట్టాడు.

బిల్లు చూడండి. వేట చూడ్డానికి వచ్చినవాళ్లకి తలకి 40, నలుగురికి 160. రైఫిల్ అద్దె 50. తూటాలు 15. తోలు తీసి ముక్కలు కొట్టినందుకు 60. కేబిన్ శుభ్రం చేసినందుకు 45. ఏం శుభ్రం చేశారో ఆ ఎలుకనే అడగాలి. కార్డు వాడినందుకు పైన 4 శాతం. మొత్తం 525 డాలర్ల 20 సెంట్లు. మా అమ్మ, మావాడు కేబిన్ గడప దాటలేదు కదా అంటే, గేటు లోపలికొస్తే అందరూ చూసేవాళ్లేనట. ఒక్క డాలరు తగ్గించలేదు, మావాడి నెత్తిన ఓ టోపీ పెట్టి పంపాడు. నాన్న కారెక్కేదాకా వేళ్ల మీద లెక్కలు వేస్తూనే ఉన్నారు.

డబ్బు గిట్టింది వేట దగ్గరే, అదీ గైడ్ కుర్రాడి పుణ్యమా అని. చెక్క గదిలాంటి మాటులో నలుగురం ఇరుక్కుని కూర్చున్నాం. ఎదురుగా టైమర్ పెట్టిన డబ్బా ఆరింటికి గిర్రున తిరిగి మక్కలు చల్లింది. నాన్న నోరు తెరిచి, "మన చేన్ల మక్కలు తింటున్నయని తరుముతం. వీళ్లు మక్కలేసి మరీ పిలుస్తుండ్రు!" అన్నారు. నేను తర్జుమా చేస్తే గైడ్ నవ్వు ఆపుకోలేకపోయాడు. కాసేపటికి నాన్న వేలు తడి చేసి గాల్లో పెట్టి చూసి, "గాలి మన దిక్కు నుంచి పోతున్నది. వాసన పట్టినంక అవి రావు" అన్నారు. అరగంట చూసినా ఒక్కటీ రాలేదు. ఆ కుర్రాడు ఏ మాత్రం బింకానికి పోకుండా మమ్మల్ని వాగు అవతల మాటుకి మార్చాడు. చీకటి పడుతుండగా గుంపు దిగింది. మగ పందికి భుజం మీద గట్టి కవచం ఉంటుంది, మాంసం కూడా వాసనేస్తుంది, చిన్న ఆడదాన్ని చెవి వెనక కొట్టమన్నాడు గైడ్. మా ఆయన ఒక్క తూటాతో పడేశాడు. తొంభై పౌండ్ల దాకా ఉంటుంది. గైడ్‌కి 40 టిప్ ఇచ్చాం, ఇష్టంగానే.

కోసేటప్పుడు గ్లౌజులు తప్పనిసరి. ఈ పందుల నుంచి బ్రూసెల్లోసిస్ అనే జబ్బు మనుషులకి అంటుకుంటుంది. మాంసం లోపల 160 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉడకాలి. నాన్న పెరట్లో గ్యాస్ స్టవ్ పెట్టి, కుక్కర్లో మెత్తగా ఉడికించి, ధనియాల పొడి, ఎండుమిర్చి దట్టించి వేపుడు చేశారు. అమ్మ వంటింటి తలుపు వేసేసుకుంది.

వెళ్లేవాళ్లు ఫిబ్రవరిలో వెళ్లండి. జింకల సీజన్ జనవరిలో అయిపోతుంది కాబట్టి రాంచ్‌లు ఖాళీ, బేరానికి వీలుంటుంది, చలికి మాంసమూ పాడవదు. చూసేవాళ్ల రుసుము, తుపాకి అద్దె, కోత కూలి, గాయపడి తప్పించుకున్న పందికి కూడా డబ్బు కట్టాలా అన్నదీ, అన్నీ ఈమెయిల్‌లో రాయించుకోండి, ఫోన్ మాట నమ్మొద్దు. 48 డాలర్ల పర్మిట్‌తో ప్రభుత్వ భూముల్లోనూ వేటాడొచ్చు, కానీ దానికి లైసెన్సు కూడా కావాలి. పిల్లలతో, పెద్దవాళ్లతో అయితే నేను వద్దంటాను. బస రాంచ్‌లో కాకుండా ఊళ్లో మోటెల్‌లో పెట్టుకోండి. నాన్న మళ్లీ వెళ్దామంటున్నారు. అమ్మ మాత్రం తనని శాన్ ఆంటోనియోలో ఏదైనా మంచి హోటల్లో దించి, మీరు పోయి రండి అంటోంది.