మూడు ఇంగ్లీష్ గులాబీలు కొంటే రెండే మిగిలాయి: ఒక నర్సరీ గురించి

హైదరాబాద్ సైనిక్‌పురిలో మా ఇంటి ముందు కాస్త మట్టి నేల ఉంది. పోయినేడాది నవంబరులో ఊరి బయట ఒక నర్సరీకి వెళ్ళి మూడు ఇంగ్లీష్ గులాబీలు తెచ్చాను: అబ్రహం డార్బీ, గ్రాహం థామస్, గెర్ట్రూడ్ జీకిల్. ఒక్కోటి 850 రూపాయలు. బండి మీద మామూలు గులాబీ 100కే ఇస్తారు కదా, మా అత్తమ్మ "గింత పుల్లకు గన్ని పైసలా?" అని ఆ రోజంతా అడుగుతూనే ఉంది. నర్సరీ పేరు రాయను, నేను చెప్పబోయే తప్పు వాళ్ళొక్కరే చేస్తున్నారని నేను అనుకోవడం లేదు.

ఇంగ్లీష్ గులాబీలంటే ఇంగ్లండ్‌లో డేవిడ్ ఆస్టిన్ అనే ఆయన సంకరం చేసి పుట్టించిన రకాలు. పాతకాలపు గులాబీల వాసన, ముద్ద పువ్వు అలాగే ఉండాలి, కొత్త గులాబీల్లా మళ్ళీ మళ్ళీ పూయాలి, అదీ ఆయన పట్టుదల. 1961లో వచ్చిన మొదటి రకం కాన్‌స్టన్స్ స్ప్రై ఏడాదికి ఒక్కసారే పూసేది. నేను కొన్న మూడూ 1980లలో వచ్చినవి, అన్నీ మళ్ళీ మళ్ళీ పూసే రకాలే.

నర్సరీ శుభ్రంగా ఉంది, మొక్కల వేర్లు కదలకుండా బాగా కట్టిచ్చారు, అక్కడ వంక పెట్టడానికేం లేదు. నా గొడవంతా వాళ్ళు చేతిలో పెట్టిన కాగితంతోనే. ఎక్కడో ఇంగ్లండ్ సూచనలు దించి, జిరాక్స్ తీసి ఇస్తున్నారు. రోజంతా ఎండ తగలాలట, అంటు కట్టిన చోటు, అంటే అడుగున నాటు గులాబీ మొదలుకి ఈ రకం కొమ్మని అతికించిన చోటు, రెండంగుళాలు మట్టిలోకి పోవాలట. అక్కడ గడ్డకట్టే చలి కాబట్టి అలా పూడుస్తారు, మనకెందుకు? పైగా అంటు మట్టిలో ఉంటే కింద నుంచి ఏం మొలుస్తోందో కనపడదు. ఇది నాకు తర్వాత తెలిసింది. అప్పటికి బుద్ధిగా కాగితంలో ఉన్నట్టే నాటాను.

అబ్రహం డార్బీ మాత్రం పైసా వసూల్. జనవరిలో మొదటి పువ్వు విచ్చుకుంటుంటే రోజూ పొద్దున్నే టీ కప్పుతో దాని ముందే నిలబడేదాన్ని. మొగ్గ గుండ్రంగా ఉంటుంది, విచ్చుకున్నాక గిన్నెలా, లోపల రేకులు ఒకదాని మీద ఒకటి కుక్కి పెట్టినట్టు, మధ్యలో మామిడిపండు రంగు, అంచుల్లో లేత గులాబీ. వాసన పండ్ల బుట్ట పక్కన కూర్చున్నట్టే. కాకపోతే పువ్వు బరువుకి కాడ వంగిపోతుంది, జడలో పెట్టుకుంటే ఆఫీసుకి చేరేలోపు సగం రేకులు రాలిపోతాయి. ఆ సంగతి ముందే తెలుసుకుని కొనండి.

గ్రాహం థామస్ మన వేడికి పొద కాదు, తీగ. ఎనిమిది అడుగుల కొమ్మలు వేసింది, పూలు కొసన రెండంటే రెండు. విసుగొచ్చి ఆ కొమ్మల్ని వంచి కాంపౌండ్ గ్రిల్‌కి అడ్డంగా కట్టేశాను, కణుపు కణుపుకీ చిగురొచ్చి పసుపు పూలు పూసింది. ఈ ముక్క ఆ కాగితంలో ఉంటే ఎంత బాగుండేది.

ఇక గెర్ట్రూడ్. ఫిబ్రవరిలో మొదలు దగ్గర నుంచి ఏపుగా చిగుళ్ళొస్తుంటే మురిసిపోయి పేడ ఎరువు, వేప పిండి దాని మీదే కుమ్మరించాను. మార్చిలో గుత్తులు గుత్తులుగా రూపాయి బిళ్ళంత తెల్ల పూలు! అసలు రావాల్సింది ముదురు గులాబీ రంగు. మట్టి తవ్వి చూస్తే పైన అంటు కట్టిన కొమ్మ నల్లబడి చచ్చిపోయింది, పెరుగుతున్నదంతా అడుగున ఉన్న నాటు మొక్క. పాత కొమ్మకి రెబ్బకి ఐదాకులుంటే వీటికి ఏడేసి, ముందే చూసుకోవాల్సింది నేను. ఫోన్ చేస్తే "ఎండ ఎక్కువైంది మేడమ్" అన్నారు. మార్చి మొదటి వారంలో! రెండోసారి గట్టిగా అడిగితే కొత్త మొక్క మీద సగం తగ్గిస్తామన్నారు.

మేలో మిగిలిన రెండింటికీ మధ్యాహ్నం ఎండ పడకుండా షేడ్ నెట్ కట్టి, మొగ్గలు గిల్లేసి, ఆకుల రసం పీల్చే ఎర్రనల్లి పట్టకుండా పొద్దున్నే ఆకుల అడుగున పైపుతో నీళ్ళు కొట్టాను. వదిలేసిన ఒకటి రెండు మొగ్గలు ఎండుగడ్డి రంగులో, సగం సైజులో పూశాయి. బోరు నీళ్ళకి లేతాకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయి, వానలు పడ్డాకే తేరుకున్నాయి. అక్టోబరులో కత్తిరిస్తే నెలన్నరకి మళ్ళీ మంచి పూలు.

మొక్కలకి నాలుగు స్టార్లు, నర్సరీకి రెండు. సగం ధర ఆఫర్ మాత్రం వదలను, ఈసారి వెళ్ళి అంటు దగ్గర చుట్టిన ప్లాస్టిక్ టేపు వాళ్ళ చేతే విప్పించి, లోపల పచ్చగా ఉంటేనే డబ్బులిస్తాను. తెల్ల పూల మొక్క పీకేద్దామంటే అత్తమ్మ ఒప్పుకోవడం లేదు, దేవుడి పటాలకి ఆ గుత్తులే బాగున్నాయట.