వెంకటాపురం నుంచి శ్రీశైలానికి: నల్లమల కాలిబాట

ఉమ్మడి కర్నూలు జిల్లాలో కాళ్లకూ ఊపిరికీ నిజమైన పరీక్ష పెట్టే నడక ఏదని నన్నడిగితే, ఆత్మకూరు దగ్గరి వెంకటాపురంలో మొదలై నల్లమల మీదుగా శ్రీశైలం చేరే కాలిబాటే అంటాను. అహోబిలంలో ఉక్కుస్తంభం ఎక్కుడు ఇంతకన్నా నిటారు. అయితే పొద్దున్నే వెళ్లి సాయంత్రానికి దిగిపోవచ్చు. ఇక్కడ అలా కుదరదు. దాదాపు 40 కిలోమీటర్ల దారి. నా వంటి మామూలు నడకరులు రాత్రి అడవిలో పడుకోవాల్సిందే.

కొండలపై పరుగెత్తేవాళ్లు ఇంగ్లండులోని బాబ్ గ్రాహం రౌండ్ గురించి గొప్పగా చెప్పుకుంటారు. కెజిక్ ఊళ్లో అతిథిగృహం నడిపిన బాబ్ గ్రాహం 1932లో 24 గంటలలోపే 42 శిఖరాలు చుట్టి వచ్చాడు. మొత్తం ఎక్కుడు 8,000 మీటర్లు దాటుతుంది. నల్లమలలో ఎత్తయిన భైరానికొండకే వెయ్యి మీటర్లు లేవు కనుక ఎత్తులో పోలిక పెట్టను. మన దారి కష్టమంతా ఎండలో, నీళ్ల కొరతలో ఉంది. ఉగాది నాటికి చెట్లు ఆకు రాల్చి మోడులై నిలబడతాయి. మధ్యాహ్నం తల దాచుకునే నీడ దొరకదు. ఒక విషయంలో మాత్రం రెండూ ఒకటే. అక్కడ పరుగెత్తేవాళ్ల వెంట తిండీ నీళ్లూ మోస్తూ స్నేహితులు నడుస్తారు. ఇక్కడ ఆ పని ముక్కూ మొహం తెలియనివాళ్లు చేస్తారు.

ఇది పులుల అభయారణ్యం, దేశంలోనే అతి పెద్దది. అందుకే శివరాత్రి, ఉగాది రోజుల్లోనే అటవీశాఖ భక్తులను ఈ దారిన వదులుతుంది. మిగతా కాలంలో వెళ్లాలని చూడకండి.

కర్నూలు నుంచి ఆత్మకూరుకు ఆర్టీసీ బస్సులకు లోటు లేదు. బస మాత్రం అంతంతమాత్రం. నేను దిగిన లాడ్జిలో పండుగ పేరు చెప్పి అద్దె పెంచారు గానీ, అర్ధరాత్రి దాటాక కుళాయిలో చుక్క నీరు లేదు. దానికన్నా కర్నూలులో పడుకుని తొలి బస్సు అందుకోవడం మేలు.

వెంకటాపురం నుంచి నాగలూటి దాకా అడుగు సాఫీగా పడుతుంది. అక్కడి వీరభద్రస్వామి గుడి దగ్గర కాసేపు కూర్చోండి. తర్వాతే అసలు దారి. అన్నదాన శిబిరాలు చాలావరకు కర్ణాటక భక్తులవే. జొన్న రొట్టె, పప్పు, మజ్జిగ వడ్డిస్తారు. డబ్బు ఇవ్వబోతే ఊరుకోరు. ఒక శిబిరంలో గరిటె పట్టిన పెద్దాయన నా సీసా చూసి, "అది చాలదు స్వామీ, ఇంకొకటి నింపుకోండి. పెచ్చెరువు దాకా నమ్ముకోడానికి లేదు" అన్నాడు. ఆ రెండో సీసా పెచ్చెరువు కనబడకముందే అయిపోయింది.

పెచ్చెరువు చెంచుగూడెం. రాత్రి బస అక్కడే, షామియానా కింద టార్పాలిన్ పరుపు. మరుగుదొడ్లు చాలవు, ముఖ్యంగా ఆడవాళ్లకు ఇది పెద్ద ఇబ్బంది. ఏటా వేలమంది నడిచే దారిలో ఇంతకన్నా ఏర్పాటు చేయడం అసాధ్యమేమీ కాదు. వైద్య శిబిరంలో మాత్రం బొబ్బలకు ఓపికగా కట్లు కడుతున్నారు.

మర్నాడు భీమునికొలను. దీని గురించి ఎవరు చెప్పినా ఎక్కుడు గురించే చెబుతారు. నా మటుకు దిగుడే గండం. లోయలోకి దిగే రాతిమెట్లు ఒకదాని ఎత్తు ఒకదానికి ఉండదు. లెక్కలేని పాదాలు రాసుకుని అంచులు నున్నబడ్డాయి. నా ముందు ఒక అవ్వ చెప్పులు లేకుండా, నెత్తిన చీర, పసుపుకుంకుమల మూట పెట్టుకుని దిగుతోంది. కన్నడ భక్తులకు భ్రమరాంబ ఇంటి ఆడపడుచు, ఆ మూట ఆమెకు సారె. అవ్వ పక్కకు తిరిగి, ముందు కర్ర కింది మెట్టు మీద ఆనించి, తర్వాత కాలు దించుతోంది. నేనూ అలాగే దిగాను, మోకాళ్ల మీద బరువు తగ్గింది. ఇక్కడ పరుగు పెట్టాలనుకునే కుర్రవాళ్లు ఆ అవ్వ దిగడం చూస్తే చాలు. కొందరు కర్రకాళ్ల మీద కూడా ఈ యాత్ర చేస్తారు, వాళ్లకు నా దండం.

లోయ నుంచి కైలాసద్వారం దాకా ఊపిరి అందని ఎక్కుడు. తెల్లవారకముందే బయల్దేరితే ఎండ ముదరకముందు పైకి చేరతారు. శ్రీశైలానికి మెట్లు కట్టించిన ఘనత 14వ శతాబ్దపు రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డిదని చెబుతారు. ఆయన పేరు ఈ దారి మొదట్లో ఒక ఫలకం మీద ఉంటే బాగుండును.

కైలాసద్వారం నుంచి హటకేశ్వరం మీదుగా ఊళ్లోకి మామూలు రోడ్డే. దేవస్థానం గదులు పండుగకు దొరకడం కష్టం. సత్రాల్లో ముందే మాట్లాడుకోండి, శుభ్రత కూడా అక్కడే మెరుగు. దర్శనం క్యూ చాలా పొడవు కాబట్టి ముందు స్నానం, నిద్ర ముగించుకుని వెళ్లండి. తిరుగు బస్సు టిక్కెట్టు మాత్రం బయల్దేరకముందే తీసి పెట్టుకోండి. పండుగ మర్నాడు బస్టాండులో నిలబడే చోటు కూడా ఉండదు.