ఇండిపెండెంటా, రెండు పార్టీల జోడీనా: అమెరికా అధ్యక్ష పోటీలో ఏది మేలు?

"డెమొక్రాట్లు, రిపబ్లికన్లు, ఈ రెండు పార్టీలూ వద్దు బాబోయ్" అనే అమెరికన్ల ముందు రెండు దారులున్నాయి. ఇండిపెండెంట్‌ను నిలబెట్టడం ఒకటి. చెరో పార్టీ నుంచి ఒకరిని తెచ్చి అధ్యక్ష, ఉపాధ్యక్ష పదవులకు జోడీ కట్టడం ఇంకొకటి.

మొదటిదాని సంగతి 1992లోనే తేలిపోయింది. టెక్సస్ కోటీశ్వరుడు రాస్ పెరో సొంత డబ్బుతో టీవీలో అరగంటలకు అరగంటలు కొనుక్కుని, చార్టులు పట్టుకుని దేశం అప్పుల లెక్క చెప్పారు. జులైలో తప్పుకుని అక్టోబర్‌లో మళ్లీ వచ్చినా దాదాపు 19 శాతం ఓట్లు పడ్డాయి. అధ్యక్షుణ్ని నిజంగా తేల్చే, రాష్ట్రాలవారీగా పంచిన ఎలక్టోరల్ ఓట్లు మాత్రం సున్నా! 50లో 48 రాష్ట్రాల్లో మొదట నిలిచినవాళ్లకే ఆ రాష్ట్రపు ఎలక్టోరల్ ఓట్లు మొత్తం దక్కుతాయి మరి. 1968లో మూడో పార్టీ తరఫున దిగిన జార్జ్ వాలెస్‌కు వచ్చింది 13.5 శాతమే. అవి దక్షిణాదిలో పోగుపడ్డాయి కాబట్టి ఐదు రాష్ట్రాలు గెలిచారు. పోనీ ఎవరికీ గెలుపుకు కావలసిన 270 ఎలక్టోరల్ ఓట్లు రాకుండా చేసినా, నిర్ణయం ప్రతినిధుల సభకు వెళ్తుంది. అక్కడ రాష్ట్రానికి ఒక్క ఓటే. ఆ సభ నిండా ఉండేది ఆ రెండు పార్టీలవాళ్లే.

మన దగ్గర 1969లో వి.వి. గిరి ఇండిపెండెంట్‌గా నీలం సంజీవరెడ్డిని ఓడించి రాష్ట్రపతి అయ్యారు కదా అంటారేమో. ఆయన వెనక ఇందిరాగాంధీ ఉన్నారు. పైగా రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కించాకే గట్టెక్కారు.

ఇక జోడీ. 1980లో రిపబ్లికన్ పార్టీ వదిలి వచ్చిన జాన్ ఆండర్సన్, డెమొక్రాట్ మాజీ గవర్నర్ పాట్రిక్ లూసీతో కలిసి దిగారు. వేసవి సర్వేల్లో 20 శాతం దాటినా చివరికి మిగిలింది 6.6. ఇద్దరూ తమ పేర్లు తెచ్చారు గానీ పార్టీలను తేలేదుగా!

పెద్ద పార్టీ తన టికెట్‌లోనే అవతలివారికి చోటిస్తే కథ మారుతుంది. 1864లో రిపబ్లికన్లు నేషనల్ యూనియన్ పార్టీ అని బోర్డు మార్చి, లింకన్ పక్కన టెనెసీ డెమొక్రాట్ ఆండ్రూ జాన్సన్‌ను నిలబెట్టారు. 212 ఎలక్టోరల్ ఓట్లతో గెలిచారు. గెలుపే లెక్కయితే నా ఓటు దీనికే. చిక్కల్లా ఆ తర్వాతే. 1865 ఏప్రిల్‌లో లింకన్ హత్యతో జాన్సన్ అధ్యక్షుడయ్యారు, కాంగ్రెస్‌తో తగువు ముదిరి 1868లో అభిశంసన దాకా వెళ్లింది. సెనేట్‌లో ఒక్క ఓటు తేడాతో బయటపడ్డారు.

2008లో రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి జాన్ మెకెయిన్ మనసులో ఉన్నదీ ఇలాంటి జోడీయే. డెమొక్రాట్ల మాజీ ఉపాధ్యక్ష అభ్యర్థి జో లీబర్‌మన్‌ను తీసుకోవాలనుకున్నారు. పార్టీలో గొడవవుతుందని సలహాదారులు వద్దన్నారు, ఆ చోటికి సొంత పార్టీ సారా పేలిన్ వచ్చారు.