మడమల పగుళ్లకు ఆముదం: కొన్నేళ్లు వాడాక నా మాట

పగిలిన మడమలకు, గరుకెక్కిన మోచేతులకు ఇంట్లో దొరికే నూనెల్లో ఆముదాన్ని మించింది నాకు కనిపించలేదు. ముఖానికి మాత్రం వద్దు. కొన్నేళ్లుగా చలి మొదలైందంటే చాలు, మా ఇంట్లో ఆముదం సీసా మంచం పక్కకు చేరుతుంది. అది ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ చెయ్యదో వివరంగా రాస్తున్నాను.

నేను టీచర్ని. పగలంతా నిలబడే పని, కాలికి చెప్పులు తప్ప బూట్లు లేవు. కార్తీకం వచ్చేసరికి మడమలు బీటలు వారతాయి. దుప్పటి లాక్కుంటే దారాలు మడమకు పట్టుకుంటాయి. లోతుగా పగిలిన చోట అడుగు పడితే చురుక్కుమంటుంది. కొబ్బరినూనె రాస్తే గంటలో ఇంకిపోయి మళ్లీ పొడిబారేది. నువ్వుల నూనె కొంత నయం. ఆముదం రాసిన రాత్రి తేడా స్పష్టంగా తెలిసింది. పొద్దున లేచి చేత్తో తడిమితే మడమ అంచులు గుచ్చుకోలేదు, చర్మం ఇంకా మెత్తగానే ఉంది.

దీనికి కారణం ఆముదం చిక్కదనమే. సీసా వంచితే మిగతా నూనెల్లా జారిపోదు, తీగలా సాగుతూ నెమ్మదిగా దిగుతుంది. ఇందులో 85 నుంచి 90 శాతం వరకు ఉండేది రిసినోలియిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం. ఇంత మోతాదులో అది మరే వంటనూనెలోనూ ఉండదు. అందుకే ఆముదం చర్మం మీద మందంగా పొరలా నిలుస్తుంది, లోపలి తడిని బయటికి పోనివ్వదు. లిప్‌స్టిక్‌ల తయారీలో కూడా ఆముదం వాడతారు.

ఇక్కడ ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. ఏ నూనె అయినా ఉన్న తడిని ఆపగలదు తప్ప కొత్తగా తడిని ఇవ్వలేదు. ఎండిన మడమకు ఎంత పూసినా పైపైన జిడ్డే మిగులుతుంది. పడుకునే ముందు గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు కాళ్లు పెట్టుకుంటాను. నానిన తోలును కాళ్లు రుద్దుకునే రాయితో మెల్లగా రుద్దుతాను. ఊడిరావాలని గట్టిగా గీకితే పచ్చి చర్మం బయటపడి మంట పుడుతుంది. తువ్వాలుతో అద్దుకుని, చర్మం ఇంకా చెమ్మగా ఉండగానే అరచెంచా ఆముదం రెండు మడమలకూ పట్టించి, పాత కాటన్ సాక్స్ వేసుకుంటాను. సాక్స్ తప్పనిసరి. పక్క దుప్పట్లకు ఆముదం మరక పట్టిందంటే ఎన్ని ఉతుకులు ఉతికినా జిడ్డు వాసన ఒక పట్టాన పోదు. నూనె కాళ్లతో రాత్రిపూట బాత్రూంలోకి అసలు వెళ్లకండి. టైల్స్ మీద కాలు జారితే నడుము విరుగుతుంది. ముందు అన్ని పనులూ ముగించుకుని, ఆఖరున రాసుకోండి.

వారం తిరిగేసరికి పైపై పగుళ్లు పూడుకుపోతాయి. లోతైనవి నెల దాకా పట్టించుకుంటే గానీ దారికి రావు. మడమ తోలు మొద్దుబారి గట్టిపడిపోతే ఒక్క ఆముదంతో పని జరగదు. ఆ తోలును మెత్తబరచడంలో యూరియా ఉన్న క్రీమే మెరుగు. నేను అలాంటప్పుడు కొన్నాళ్లు ఆ క్రీమ్ వాడి, తోలు దారికొచ్చాక తిరిగి ఆముదానికి వస్తాను.

మా మామగారికి షుగర్ ఉంది. ఆయన కాలి పగులుకు నేను ఇంటి వైద్యం చెయ్యలేదు, నేరుగా డాక్టర్‌కు చూపించాం. షుగర్ ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గి పుండు పడ్డా తెలియకపోవచ్చు. మీ ఇంట్లో అలాంటివాళ్లుంటే నూనెతో కాలయాపన చెయ్యొద్దు. రక్తం కారుతున్నా, చీము పట్టినా ఎవరికైనా ఇదే మాట.

ఇక రకాల సంగతి. బజార్లో రెండు రకాలు దొరుకుతాయి. గానుగ ఆముదం లేత పసుపు రంగులో, పెద్దగా వాసన లేకుండా ఉంటుంది. వంటాముదం ముదురు గోధుమ రంగు, కాస్త మాడిన వాసన. నల్గొండ వైపు మా పెద్దమ్మ వాళ్లింట్లో వంటాముదం తీయడం నేను దగ్గరుండి చూశాను. ఆముదాలను మూకుడులో వేయించి, రోట్లో ముద్దగా దంచి, ఆ ముద్దను పెద్ద గిన్నెలో నీళ్లు పోసి మరిగిస్తారు. తెట్టులా పైకి తేలిన నూనెను గరిటెతో తీసి, నీటి చెమ్మ పోయేదాకా మళ్లీ కాస్తారు. చిటపటలు ఆగాయంటే చెమ్మ పోయినట్టు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పట్టే ఆ పనికి దిగే నూనె కొద్దిగానే. వంటాముదం ధర ఎందుకు ఎక్కువో అది చూస్తే అర్థమవుతుంది. నల్గొండ, మహబూబ్‌నగర్ మెట్ట చేలల్లో ఒకప్పుడు విరివిగా వేసిన ఆముదం చోటును ఇప్పుడు చాలాచోట్ల పత్తి ఆక్రమించింది. దేశంలో ఈ పంటలో ముందున్నది గుజరాత్. మన పల్లెల్లో తీసిన వంటాముదం దొరకడం తగ్గిపోతుంటే నాకు నిజంగా బాధగా ఉంది.

చర్మానికి రెండింట్లో ఏది రాసినా నాకు తేడా కనిపించలేదు. వాసన పడనివాళ్లు గానుగది తీసుకోండి. ఆముదం గింజల్లో రిసిన్ అనే విషం ఉన్నమాట నిజమే గానీ, అది నూనెలో కరగదు, పిప్పిలోనే మిగిలిపోతుంది. గింజలను మాత్రం పిల్లలకు అందకుండా ఉంచాలి.

మోచేతులకు, గోళ్ల చుట్టూ లేచే తోలుకు, చలికి చిట్లే పెదవులకు కూడా ఒక్క చుక్క బాగా పనిచేసింది. ఒంటికంతా రాయాలంటే కష్టం, చేతికీ బట్టకూ అంటుకుపోతుంది. ఒక వంతు ఆముదానికి మూడు వంతుల నువ్వుల నూనె కలిపితే సాఫీగా పరుచుకుంటుంది. మా అత్తయ్య ఆదివారం తలంటుకు ముందు ఈ కలిపిన నూనే పట్టించి, సున్నిపిండితో రుద్దమంటారు. చలికాలంలో ఒళ్లు తెల్లబారకుండా ఉందంటే ఆవిడ పుణ్యమే.

ముఖానికి నాకు పడలేదు. నాది జిడ్డు చర్మం. నుదుటి మీద చిన్నచిన్న పొక్కులు లేచాయి, మానేశాక తగ్గాయి. కనుబొమలు ఒత్తుగా వస్తాయని మా చెల్లి పట్టుదలగా రాసింది గానీ వెంట్రుక కూడా పెరగలేదు. పసిపిల్లల మాడుకు రాయడం మన ఇళ్లలో మామూలే. కళ్లల్లో, చెవుల్లో, ముక్కులో మాత్రం చుక్క కూడా వెయ్యకండి. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. కొందరికి ఆముదం ఎలర్జీ ఉంటుంది కాబట్టి ముందుగా మోచేతి మడత లోపల కాస్త రాసి ఒక రోజు చూడండి. దురద, ఎర్రదనం వస్తే వదిలెయ్యండి.

కొనేటప్పుడు చిన్న సీసానే తీసుకోండి. మడమలకు ఖర్చయ్యేది తక్కువ, ఒక సీసా చలికాలమంతా వస్తుంది. మూత బిగించి, ఎండ తగలని చోట పెట్టండి. వాసన ముక్కిపోయినట్టు అనిపిస్తే ఆ నూనె ఒంటికి రాయొద్దు, తలుపు బందులకు వేసుకోండి.